అన్న అడిగిన ఓటు

బువరికి ఊరు
మార్చి 6

తమ్ముడు తెబానియాకి మీ అన్న కమోరికి అనే నేను రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వూ, మరదలు తెరేసియా, మీ ఇంట్లో పడుకుంటున్న వాళ్ళందరూ బాగుండాలి.

వాన లేదు. బావి నీళ్ళు ఉప్పుతేలాయి. చేమగుంట అడుగు కనిపిస్తోంది. కల్లు మాత్రం పొద్దున ఒక సీసా, సాయంత్రం ఒక సీసా దిగుతోంది. ఇంకా చెట్టెక్కుతున్నాను. మోకాలు ఒప్పుకోవడం లేదు గాని చెట్టు ఒప్పుకుంటోంది.

మూడోసారి గెలిచాక పార్లమెంటులో నువ్వు చేసిన ప్రమాణం రేడియోలో విన్నాం. ఊరంతా మన సభాశాల మనేయబలో ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని విన్నారు. నీ గొంతు రాగానే అందరూ నా వైపు చూశారు. నేను చాప వైపు చూశాను.

దిబ్బలో పడవదారి ఎప్పుడు తవ్వుతారని అడుగుతున్నారు. పోయిన నెల ఓడ వచ్చి పగడపు దిబ్బ అవతల రెండు రోజులు ఆగింది. కెరటాలు ఎక్కువని పడవ దించలేదు. మన బియ్యం, పిండి మళ్ళీ తరావాకే వెళ్ళిపోయాయి. ఒడ్డున నిలబడి చూశాం. మన చెల్లెలు అకోయా పోయింది అక్కడే. ఆ సంగతి నీకు నేను చెప్పేదేముంది.

ఇంకో మాట. నా దగ్గర కాగితాలు, కవర్లు ఉన్నాయని ఊళ్ళో తెలుసు. అందుకని వస్తున్నారు. పక్కింటి బతిరియా వదినకి కుట్టుమిషను సూదులు కావాలట. చర్చి వాళ్ళకి ఫుట్‌బాలు. మన పెద్దలందరిలోకీ పెద్ద బురెన్‌తావుకి పెట్రోమాక్సు దీపం. చెప్పమన్నారు, రాశాను.

మీ అన్న,
కమోరికి


బైరికి, తరావా
ఏప్రిల్ 11

అన్నయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఓడలో తడిసి, ఎండి, ఎలాగో చేరింది. అక్షరాలు కొంచెం ఈదాయి గాని చదువుకున్నాను.

సూదులు, ఫుట్‌బాలు పంపిస్తున్నాను. బురెన్‌తావు గారికి దీపం కూడా. అది మా ఇంట్లోదే. బజారులో దొరకలేదు. తెరేసియా కొత్తగా ఒక కొవ్వొత్తి తెచ్చి అక్కడ పెట్టింది. నువ్వు రాశాక లేదని ఎలా అంటాను? బుబుసి అని ఒకడు నోరు తెరిచి అడిగితే లేదనడానికి మన భాషలో మాట పుట్టలేదు. అందులోనూ అన్న చేతి రాత.

మా ఇంట్లో ప్రస్తుతం ఇరవై ఇద్దరం. చికిత్సకి వచ్చినవాళ్ళు నలుగురు, చదువుకి వచ్చినవాళ్ళు ఆరుగురు, మిగతావాళ్ళు ఎందుకొచ్చారో వాళ్ళూ మర్చిపోయారు. పోయిన సోమవారం సభకి బయల్దేరుతుంటే పెద్దమ్మ మనవడు వచ్చి, “మావయ్యా, నీ బూట్లు నాకు సరిగ్గా సరిపోతాయి” అన్నాడు. సరిపోయాయి కూడా. రబ్బరు చెప్పులతోనే సభకి వెళ్ళాను. స్పీకరు నా కాళ్ళ వైపు చూసి, చాలాసేపు ఇంకెక్కడో చూశాడు.

ఇక పడవదారి సంగతి. ఎనిమిదేళ్ళుగా దీనికోసమే అక్కడ కూర్చున్నాను. ఈసారి బడ్జెట్టులోకి ఎక్కించాను. దిబ్బని మందుపెట్టి పేల్చి, పడవ నిమ్మళంగా లోపలి నీళ్ళలోకి వచ్చేలా దారి తీస్తారు. ఆగస్టు సమావేశంలో బడ్జెట్టు నెగ్గితే డిసెంబరుకి పని మొదలు. ప్రభుత్వం వెంట్రుకవాసి మెజారిటీతో నడుస్తోంది, అయినా నెగ్గుతుంది. ఈ ఒక్కటీ అయితే చాలన్నయ్యా. మళ్ళీ నిలబడను. వచ్చి నీతోపాటు చెట్టెక్కుతాను.

దిబ్బని కళ్ళారా చూడటానికి పనుల మంత్రి ఇయోతెబా జూన్‌లో మన ఊరికి వస్తున్నాడు. తరావాలో పుట్టి పెరిగినవాడు, మన పద్ధతులు తెలియవు. ఇంటికి పెద్దవాడివి నువ్వు, దగ్గరుండి చూసుకో.

మీ తమ్ముడు,
తెబానియా


బువరికి
జూన్ 20

తమ్ముడికి,

వస్తువులు అందాయి. సూదులు వదిన మిషనుకి లావైనాయి. అయినా సంతోషించింది. ఒకటి జుట్టులో పెట్టుకుంది.

మంత్రి వచ్చాడు. పడవలో నిలువునా తడిశాడు. దిబ్బ మీద తాళ్ళు పట్టి కొలిచారు. రెండు చోట్ల ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పాతారు. ఆ రెండు కర్రల మధ్య దారి అన్నారు. మంచిగానే ఉంది.

సాయంత్రం మనేయబలో విందు పెట్టాం. అతను ఉత్తర దిక్కు నుంచి వచ్చాడు. వచ్చి బురెన్‌తావు చోట్లో కూర్చున్నాడు, ఆ దూలం కిందే. అతిథులు కూర్చునే వైపు మనవాళ్ళు కొత్త చాపలు వేసి ఉంచారు. అవి అలాగే ఖాళీగా ఉన్నాయి. బురెన్‌తావు వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత మంత్రి లేచి నిలబడి మాట్లాడాడు. మన తాతల కాలం నుంచి ఆ కప్పు కింద నిలబడి మాట్లాడినవాడు లేడు. నేను అక్కడే ఉన్నాను.

అతను వెళ్ళిన మూడో రోజున పెద్దలు తొమ్మిదిమంది మన ఇంటికి వచ్చారు. పొగాకు తెచ్చారు. నా చాప మీద కూర్చున్నారు. ఒక్కో చుట్ట కాల్చారు. తర్వాత బురెన్‌తావు అడిగాడు. ఆగస్టులో ప్రభుత్వం మీద అవిశ్వాసం పెడుతున్నారని రేడియోలో విన్నారట. ఈ ప్రభుత్వం పోవాలి, నీ తమ్ముడు దానికి ఎదురుగా ఓటెయ్యాలి, ఇది మేము నిన్ను అడుగుతున్నాం అన్నాడు. బుబుసి అన్న మాట అన్నాడు. రాస్తానన్నాను.

రాస్తున్నాను.

వదిన సన్న సూదులు దొరికితే పంపమంది. వాన ఇంకా లేదు.

మీ అన్న


బైరికి
ఆగస్టు 2

అన్నయ్యా,

నీ జూన్ ఉత్తరం నిన్నగాక మొన్న అందింది. ఓడ మధ్యలో మూడు దీవులు తిరిగి వచ్చింది.

రెండు రోజులు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. ఇంట్లో చోటు లేక ఇక్కడి ఉప్పునీటి మడుగు గట్టున కూర్చుని నాలుగుసార్లు చదివాను. ఏళ్ళ తరబడి నీ ఉత్తరాలు చదువుతున్నాను గాని ఇంత పెద్దది ఎప్పుడూ అడగలేదు. నీ మనసు ఎంత నొచ్చుకుంటే ఇలా రాశావో నాకు అర్థమైంది. మంత్రి నా తరఫు అతిథిగా వచ్చాడు. ఆ అవమానం మన ఇంటిమీద పడింది. నువ్వు నోటితో చెప్పేవాడివి కాదు.

తెరేసియా ఒక మాట అంది. “ఒకసారి రాసి అడగరాదూ, నిజంగా కావాలా అని?” నేను కోప్పడ్డాను. అడిగిన అన్నని ఎందుకడిగావని అడగడం ఏం పద్ధతి? అదీగాక ఓటు పదిహేడున. నా ఉత్తరం నీకు చేరి, నీది నాకు చేరేలోగా ఏడాది తిరుగుతుంది. రేడియో టెలిఫోనులో మాట్లాడదామంటే అటు ఊరంతా, ఇటు ఆఫీసంతా వింటారు.

అందుకని ఇక ఆలోచించను. నువ్వు అడిగావు, చేస్తాను.

సూదులు పంపుతున్నాను. ఈసారి సన్నవి.

తెబానియా


బువరికి
ఆగస్టు 19

తమ్ముడికి,

ఈ నెల ఓడ ఇంకా రాలేదు. నీ ఉత్తరం ఏదైనా ఉంటే అందులో ఉండి ఉంటుంది.

పదిహేడున రేడియో విన్నాం. ఓట్లు లెక్కపెట్టారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయిందన్నారు. పేర్లు చదివారు. నీ పేరు చదివాక మనేయబ అంతా చేతులు చరిచింది. పంది కోశారు. ఆడవాళ్ళు ఆడారు. బురెన్‌తావు నా చోటు దగ్గరికి వచ్చి తన పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి నాకు పెట్టాడు.

నేను తినలేకపోయాను. కడుపులో బాగాలేదన్నాను.

తమ్ముడూ, ఎందుకలా వేశావు? దారి నీ పని కదా. ఎనిమిదేళ్ళ పని. వాళ్ళు నన్ను అడిగారు, నేను కాదనలేను, రాశాను. రాసింది చదివి నీకు తోచింది నువ్వు చేస్తావనుకున్నాను. నువ్వు చదువుకున్నవాడివి. సభలో ఉన్నవాడివి.

ఎర్ర గుడ్డల కర్రలు దిబ్బ మీద ఉన్నాయి. పోటులో మునుగుతున్నాయి, పాటులో తేలుతున్నాయి. ఇంక ఎప్పుడొస్తారు మందుపెట్టడానికి? కొత్త ప్రభుత్వం చేస్తుంది కదా అని అందరూ అంటున్నారు. నాకు తెలియదు. నువ్వు రాస్తే వాళ్ళకి చెబుతాను.

మీ అన్న


బైరికి
సెప్టెంబరు 9

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి తెరేసియాకి ఇచ్చాను. ఆమె చదివి బయటికి వెళ్ళిపోయింది. నేను నవ్వాను. ఏడుపు వస్తుందనుకుంటే నవ్వు వచ్చింది.

ఎందుకలా వేశావంటావు. నువ్వు అడిగావు కాబట్టి. ఇంతకన్న జవాబు నా దగ్గర లేదు. ఎవరెవరో నీ చాప మీద కూర్చుంటే ఏం? కాగితం మీద చెయ్యి ఎవరిది? ఊరు నిన్ను అడిగితే ఊరికి జవాబు చెప్పాల్సింది నువ్వు. నువ్వు నన్ను అడిగితే నీకు జవాబు చెప్పాల్సింది నేను. సూదులడిగినా, దీపమడిగినా, ఓటడిగినా నేను ఇచ్చింది నీకే. వాళ్ళకి ఎప్పుడూ ఇవ్వలేదు.

నువ్వు కాదనలేకపోయావు. నేనూ కాదనలేకపోయాను. నేను కాదంటానని నువ్వు ధీమాగా ఉన్నావు. నువ్వు కాదనకుండా రాశావంటే నీకు కావాలని నేననుకున్నాను. ఈ ముప్ఫై మూడు దీవుల దేశంలో ప్రభుత్వాలు ఇలా కూడా పడతాయని బయటివాళ్ళకి చెబితే నమ్మరు.

ఇక విను, వాళ్ళకి చెప్పు. మన దగ్గర అవిశ్వాసం నెగ్గితే ప్రభుత్వం ఒక్కటే పోదు, సభ మొత్తం రద్దవుతుంది. ఇప్పుడు నేనూ సభ్యుణ్ణి కాను, ఎవరూ కారు. బడ్జెట్టు చర్చకే రాలేదు. పడవదారి అందులోనే పోయింది. వచ్చే ప్రభుత్వం ఎవరిదైనా దాని జాబితాలో మన ఊరు ఉండదు. నిన్న చేపల బజారులో ఇయోతెబా ఎదురయ్యాడు. కోప్పడతాడనుకున్నాను. “మీ ఊళ్ళో నేనేం తప్పు చేశానయ్యా?” అని అడిగాడు. అతనికి ఇప్పటికీ తెలియదు. రెండు చేపలు కొని అతని చేతిలో పెట్టాను.

నవంబరు ఇరవైన మళ్ళీ ఎన్నికలు. నేను మళ్ళీ నిలబడనన్న మాట నిజమే. కాని దారి తవ్వి వచ్చేయడం వేరు, దారి పోగొట్టి వచ్చేయడం వేరు. నిలబడుతున్నాను. కొట్టు నడిపే మికాయెరే కూడా నిలబడుతున్నాడట. పడవదారిని చంపినవాడు తెబానియా అని ఊరూరా చెప్పుకొస్తున్నాడని ఓడవాళ్ళు చెప్పారు. చేతులు చరిచినవాళ్ళే ఇప్పుడు అతని కొట్టు ముందు కూర్చుని తలలూపుతున్నారట.

ఎన్నికల ముందు ఊరికి వచ్చేవి సరుకులు, ఉత్తరాలు తెచ్చే ఓడలే, మనుషుల్ని ఎక్కించుకోవు. వచ్చినా మనేయబలో అన్న ఉండగా తమ్ముడు నోరెత్తకూడదు. మన ఇంటి మాట మన చోటు నుంచి నువ్వే చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక నిన్ను నేనేమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. బుబుసి అనే అడుగుతున్నాను. ఆ ఓటు ఎవరు అడిగారో మనేయబలో చెప్పు.

తెబానియా


బువరికి
అక్టోబరు 4

తమ్ముడికి,

ఉత్తరం అందింది. దారి పోయిన సంగతి బురెన్‌తావుకి ఒక్కడికే చెప్పాను. ఊరికి అప్పటికే తెలుసు. మికాయెరే చెప్పాడు.

నీకు కొత్త ప్రభుత్వంలో పదవి ఇస్తామన్నారని, అందుకే ఓటేశావని అంటున్నారు. పడవకి మోటారు ఇచ్చారని ఒకడన్నాడు. ఆ మోటారు ఎక్కడుందని వదిన అడిగితే తరావాలో దాచాడన్నాడు. బురెన్‌తావు నన్ను చూస్తే పక్కకి తిరుగుతున్నాడు.

నీ మాట ప్రకారం రెండు వారాలు మనేయబకి వెళ్ళాను. మొదటి వారం అందరూ మాట్లాడాక మన వంతు వచ్చింది. నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. ఎవరో నీళ్ళిచ్చారు. రెండో వారం అసలు తెరవలేదు.

నాకు డెబ్బై ఒకటి. ఆ చోట్లో నాన్న పోయాక ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాను. పక్కవాళ్ళు చెప్పిందే మన ఇంటి మాట కూడా అన్నట్టు తలూపడం తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. బళ్ళో నాలుగో క్లాసులో పద్యం చెప్పమంటే బల్ల కింద దూరినవాణ్ణి, నీకు గుర్తుందో లేదో. నువ్వప్పటికి పుట్టలేదులే.

చెబుతాను. కొంచెం ఆగు.

వాన పడింది. రెండు పీపాలు నిండాయి.

కమోరికి


బైరికి
అక్టోబరు 25

అన్నయ్యకి,

ఆగమన్నావు. ఇంక ఎన్నిరోజులున్నాయని ఆగను?

ఓటు అడగడానికి కాగితం దొరికింది. నిజం చెప్పడానికి దగ్గు వచ్చింది. ఇది రాయకూడదు. రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయడం లేదు.

ఇంట్లో జనం పల్చబడ్డారు. నేను సభ్యుణ్ణి కానని తెలిసిన వారంలోనే చదువుకొచ్చినవాళ్ళకి వేరే బంధువులు దొరికారు. తర్వాత మిగతావాళ్ళు వెళ్ళారు. ఎవరూ చెడుగా వెళ్ళలేదు, మంచిగా చెప్పే వెళ్ళారు. వంటింట్లో పెద్ద గిన్నె బోర్లించి ఉంది. తెరేసియా ఇద్దరికి ఎంత బియ్యం పొయ్యాలో మర్చిపోయింది. మూడు రోజులుగా మిగిలిపోతోంది.

మనుషులు లేకపోతే హాయిగా ఉంటుందనుకున్నాను. నిద్ర కూడా రావడం లేదు. ఎనిమిదేళ్ళు ఆ గుంపులో పడుకుని అలవాటైంది.

నువ్వు చెబుతావో చెప్పవో నాకు తెలియదు. ఇంకోసారి అడగను. ఒకసారి అడిగితే చాలాలి.

తెబానియా


బువరికి
నవంబరు 28

తమ్ముడికి,

రేడియోలో నువ్వు విని ఉంటావు. పధ్నాలుగు ఓట్లతో మికాయెరే గెలిచాడు. ఇది పొడుగు ఉత్తరం. నాకు రాయడం చేతకాదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎన్నికకి మూడు రోజుల ముందు మనేయబ కూడింది. నాలుగు ఊళ్ళవాళ్ళు వచ్చారు. మికాయెరే మామ తన చోటు నుంచి మాట్లాడాడు. తెబానియా దారిని అమ్ముకున్నాడన్నాడు. అందరూ విన్నారు. బురెన్‌తావు తన చోట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు. మిగతా ఎనిమిదిమంది చాపల అంచులు పీకుతున్నారు.

అప్పుడు నేను అరచెయ్యి నేల మీద కొట్టాను. మాట్లాడేవాళ్ళు అలా కొడతారు కదా. శబ్దం సరిగా రాలేదు. అయినా తిరిగి చూశారు.

ఏమేం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకున్నాను. అందులో తొమ్మిదిమంది పేర్లున్నాయి. తీశాను గాని అక్షరాలు కనిపించలేదు. అందుకని కాగితం మడిచేసి చెప్పాను. “ఆ ఓటు అడిగింది నేను. ఉత్తరం రాసింది నా చెయ్యి. నా తమ్ముడు దారి అమ్ముకోలేదు. అన్న అడిగాడని ఇచ్చేశాడు.”

ఎవరో ఎందుకడిగావన్నారు. అప్పుడు ఇంకోటి చెప్పాను. నీకు కూడా ఇంతవరకు రాయలేదు. మంత్రి ఉత్తర దిక్కు నుంచి వస్తుంటే నేను ముందే చూశాను. మన అతిథి. నేను లేచి, అతని చెయ్యి పట్టుకుని, కొత్త చాపల దగ్గరికి తీసుకెళ్ళాలి. పది అడుగులు. అంతమంది చూస్తుంటే లేవలేకపోయాను. కూర్చునే ఉన్నాను. అతను తప్పు చోట్లో కూర్చునేదాకా చూస్తూ కూర్చున్నాను. బురెన్‌తావుకి జరిగిన అవమానం నావల్ల. ప్రభుత్వం పోయింది నావల్ల. దారి పోయింది నావల్ల. తెబానియా మీద ఏమీ లేదు.

అంతే చెప్పాను. చెమట కారిపోయింది.

పెద్దల్లో ఒక్కరైనా నోరు విప్పుతారేమోనని చూశాను. విప్పలేదు. నేను వాళ్ళ పేర్లు చెప్పలేదు. నువ్వే రాశావు కదా, కాగితం మీద చెయ్యి ఎవరిది అని. అది నిజం. ఆలోచిస్తే అదే నిజం. ఎవరు అడిగారో చెప్పమన్నావు, చెప్పాను.

తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి బతిరియా వదిన మాట్లాడింది. మన వైపు మాట్లాడుతుందనుకున్నాను. “మంచి తమ్ముడే. అన్న మాట జవదాటని తమ్ముడు. మరి పార్లమెంటుకి మంచి తమ్ముడెందుకు? రేపు ఈ ముసలాయన ఇంకేదో రాస్తే అదీ ఇచ్చేస్తాడుగా” అంది. కొందరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. తర్వాత అందరూ నీ గురించి మంచిగానే మాట్లాడారు. అమ్ముకున్నాడన్న మాట మికాయెరే మామే వెనక్కి తీసుకున్నాడు. నీ పేరు మనేయబలో శుభ్రంగా ఉంది. ఓట్లు మాత్రం అటు వేశారు.

మికాయెరేకి అన్నలు లేరు. అది కూడా ఒకరు అన్నారు.

నేను నోరు విప్పకపోతే నువ్వు గెలిచేవాడివేమో. పధ్నాలుగే కదా. రోజూ చెట్టు మీద అదే ఆలోచన. నిన్న కల్లు సీసా కట్టడం మర్చిపోయి దిగొచ్చాను.

మీ అన్న,
కమోరికి


బైరికి
డిసెంబరు 30

అన్నయ్యకి,

ఎవరు అడిగారో చెప్పమంటే ఆ తొమ్మిదిమందినీ వదిలి నీ పేరు చెప్పావు. ఉత్తరం చదివి మొదట కాగితం విసిరేశాను. గాలికి అది గట్టు దాకా పోయింది. తెరేసియా వెళ్ళి తెచ్చింది. తుడిచి, మడతలు సరిచేసి, నా ముందు పెట్టి, “మళ్ళీ చదువు” అంది.

మళ్ళీ చదివాను. నిన్ను అడగకూడనిది అడిగానని తెలిసింది. అంతమంది ముందు నువ్వు నేలమీద అరచెయ్యి కొట్టడం నేను చూడలేదు. చూడనందుకు బాధగా ఉంది. చూడనందుకు బాగానూ ఉంది.

పధ్నాలుగు ఓట్ల గురించి ఆలోచించకు. నువ్వు మాట్లాడకపోతే నేను గెలిచి, అమ్ముకున్నవాడిగా అక్కడ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఓడిపోయి, ఏమీ అమ్మనివాడిగా ఇక్కడ కూర్చున్నాను. ఏది మేలో నాకు తెలియడం లేదు. అలిసిపోయాను. అదొక్కటే తెలుస్తోంది.

ఇల్లు ప్రభుత్వానిది, ఖాళీ చెయ్యమన్నారు. సామాను ఎవరెవరో వచ్చి అడిగారు, ఇచ్చేశాం. రెండు పెట్టెలు, ఒక చాప మిగిలాయి. జనవరి నెలాఖరు ఓడలో వస్తున్నాం. పడమటి గాలుల కాలం, ఓడవాళ్ళు వద్దంటున్నారు. మార్చిలో వెళ్ళమంటున్నారు. మార్చి దాకా ఉండటానికి నీడ లేదు.

తెరేసియాకి దిబ్బ అంటే భయం. నాకు లేదనుకునేవాణ్ణి. ఎనిమిదేళ్ళుగా దాని గురించి అంతమంది ముందు మాట్లాడాను గదా, మాటల్లో అది చిన్నదైపోయింది. ఇప్పుడు ఆ దారిలేని దారిలోంచే ఇంటికి రావాలి. రోజూ తెల్లవారుజామున అకోయా గుర్తొస్తోంది.

తెబానియా


బువరికి
జనవరి 12

తమ్ముడికి,

ఈ ఉత్తరం ఇప్పుడు వచ్చిన చిన్న ఓడలో పంపుతున్నాను. నువ్వు బయల్దేరేలోగా అందుతుంది.

రావద్దని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. రండి. ఇంటి కప్పుకి కొత్త ఆకు వేశాను. మొగలి చాపలు రెండు వదిన అల్లింది. ఓటు అటేశానని చెప్పి మరీ ఇచ్చింది.

ఇది జాగ్రత్తగా చదువు. తెరేసియాకి చదివి వినిపించు.

ఓడ ఆగాక పొద్దుటి పోటు సగం వచ్చేదాకా పడవలోకి దిగకండి. ఓడవాళ్ళు తొందరపెడతారు. వినకండి. పడవలో తెరేసియాని మధ్యలో కూర్చోబెట్టు. చెక్క అంచు పట్టుకోనివ్వకు, పడవ దిబ్బకి కొట్టుకుంటే వేళ్ళు పోతాయి. అడుగున ఉన్న తాడు పట్టుకోమను. దిబ్బ దగ్గర పెద్ద కెరటాలు మూడు వరసగా వస్తాయి. అవి వెళ్ళాక సముద్రం కాస్త ఊపిరి తీసుకుంటుంది. అప్పుడు తెడ్లు వెయ్యమను. ఎర్ర గుడ్డల కర్రల్లో ఒకటి గాలికి పోయింది, ఒకటి ఉంది. అది మీ కుడిచేతి వైపు ఉండాలి. పడవ తిరగబడితే పెట్టెల జోలికి వెళ్ళకు. తెరేసియా జుట్టు పట్టుకో. ఎడమ వైపుకి ఈదు, అక్కడ నిలబడేంత లోతే. కుడివైపు గొయ్యి ఉంది. అకోయా అటు వెళ్ళింది.

నేను దిబ్బ మీద ఉంటాను. నడుం లోతు నీళ్ళలో ఎంతసేపు నిలబడగలనో తెలియదు, నిలబడతాను.

నిన్న పొద్దున నేను అక్కడ పాదం ఎక్కడ నిలుస్తుందో చూసుకుంటుంటే వెనక ఎవరో నీళ్ళలో వస్తున్న చప్పుడైంది. బురెన్‌తావు. భుజాన పీచుతాడు చుట్ట. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు. తాడు ఒక కొస దిబ్బ రాయికి కట్టి, లాగి చూసి, రెండో కొస తన నడుముకి కట్టుకున్నాడు. మీరొచ్చే రోజున తక్కిన ఎనిమిదిమంది పెద్దలూ వెనక వరసగా తాడు పట్టుకుంటారట.

నేను అడగలేదు.

అన్న